పిలిస్తే పలకదు

బస్సు దిగి నాలుగువైపులా చూసి వార్డెనమ్మ అంది: "ఊరంతా ఖాళీ చేసి పోయారేమిటి వదినగారూ? మనం వస్తున్నామని ముందే కబురందిందా?"

నిజంగానే వీధిలో పిట్ట లేదు. రెండు కొండల మధ్య ఇరుక్కున్న ఊరది. కొండల భుజాల మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది కానీ, కింద వీధుల్లో మాత్రం కరిగిపోయి, గోడల వారన మురికి కుప్పలుగా మిగిలింది. రోడ్డుకు రెండు పక్కలా కాలవల్లో కరిగిన నీళ్ళు గలగలా పరుగెడుతున్నాయి. దుకాణాలు చాలావరకు మూసే ఉన్నాయి. తెరిచిన ఒకటీ అరా దుకాణాల ముందు మనుషులు నిచ్చెనలెక్కి బోర్డులకు రంగులు వేసుకుంటున్నారు. కొండమీదికి వెళ్ళే తీగబండి పెట్టెలు నాలుగు గాలిలోనే ఆగిపోయి వేలాడుతున్నాయి. సీజను మొదలవడానికి ఇంకా నెల రోజులుంది.

ఈ ప్రయాణం అసలు పిల్లలది. వార్డెనమ్మ కొడుక్కి చివరి క్షణంలో సెలవు దొరకలేదు. "టికెట్లు పారేయడమెందుకు, మీ ఇద్దరూ వెళ్ళి రండి," అని చెవులమ్మ కూతురు పట్టుబట్టింది. పెళ్ళయి ఏడాదిన్నరయినా వియ్యపురాళ్ళిద్దరూ నాలుగు గంటలు కలిసి కూర్చున్నది లేదు. ఇప్పుడు నాలుగు రోజులు కలిసి ఉండాలి. 

చెవులమ్మ అన్నది ఆమె పేరు కాదు. ఇరవై రెండేళ్ళుగా చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తోంది. జనాన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, "కుయ్‌మని వినపడగానే మీట నొక్కండి, నా మొహం చూడకూడదు," అని చెప్పడం ఆమె పని. పరీక్షకొచ్చిన పిల్లలెవరో పెట్టిన పేరు ఆసుపత్రిలో అందరి నోటా స్థిరపడిపోయింది. వార్డెనమ్మదీ అలాంటి పేరే. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్ నడిపి రిటైరయినా, కన్నకొడుకు కూడా కోపమొస్తే "వార్డెన్‌గారూ" అనే అంటాడు.

బస్సులో ఆరు గంటలూ వార్డెనమ్మే మాట్లాడింది. హాస్టల్ పిల్లల గురించి, వాళ్ళు గోడ దూకిన పద్ధతుల గురించి, మోకాళ్ళ నొప్పికి తాను కనిపెట్టిన నూనె గురించి. చెవులమ్మ రెండుసార్లు ఏదో అడగబోయింది. వార్డెనమ్మ దాన్ని చెవిన పెట్టకుండానే ఇంకో కథలోకి వెళ్ళిపోయింది. 'మగపిల్లాడి తల్లి. ఆమె చెప్పాలి, నేను వినాలి, అంతే,' అని చెవులమ్మ సరిపెట్టుకుంది. కూతురు కాపురం చేస్తున్న ఇంటి పెద్ద దగ్గర తల వంచుకుని, గొంతు తగ్గించి మాట్లాడటం పెళ్ళిచూపుల నాటినుంచి ఆమెకు అలవాటయింది.

లాడ్జి మూడంతస్తుల చెక్క ఇల్లు. యజమాని నలభై ఐదేళ్ళ మనిషి. చేతికి రంగు మరకలు, చెవిలో పెన్సిలు. "సీజను కాదు కదమ్మా, ప్రస్తుతానికి కింద రెండు గదులే తెరిచాం. పైవన్నీ ఇంకా దులుపుతున్నాం," అని నొచ్చుకుంటూ తాళాలు తీసి ఇచ్చాడు. తర్వాత వసారా చివరికి చూసి, "ఇదిగో, బ్యాగులు!" అని కేకేశాడు.

అక్కడ స్టూలెక్కి కిటికీ అద్దం తుడుస్తున్న మనిషి వెనక్కి తిరగలేదు. యాభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, ఎముకలు బలిసిన మనిషి. తడిపిన కాగితం ముద్దతో అద్దాన్ని పై మూల నుంచి కిందికి గీతలు గీతలుగా రుద్దుతోంది.

"ఏయ్ మొండీ! నిన్నే!"

ఆమె అలాగే రుద్దుతోంది.

"చూశారా?" అన్నాడు యజమాని. "పనిలో వంక పెట్టడానికి లేదమ్మా. కానీ పిలిస్తే పలకదు. పేరుపెట్టి పిలిచి పిలిచి విసుగొచ్చి మొండి అనే పిలుస్తున్నాం. ఆరేళ్ళుగా ఇదే వరస."

అద్దంలో వీళ్ళ నీడలు కదిలాయో ఏమో, అప్పుడు తిరిగి చూసింది పనామె. గబగబా దిగి, చేతులు తుడుచుకుని బ్యాగులందుకుంది. "మా గది ఎటు?" అని చెవులమ్మ అడిగింది. పనామె చూపు చెవులమ్మ కళ్ళ మీదనుంచి పెదాల మీదికి జారింది, మళ్ళీ పైకొచ్చింది. "ఇటు," అంది ముక్తసరిగా.

ఆ చూపు జారడం రెప్పపాటు కూడా లేదు. కానీ ఇరవై రెండేళ్ళుగా అలాంటి చూపుల్నే ఎదురుగా కూర్చుని చూస్తున్న మనిషికి అది చాలు.

*

ఆ లోయలోకి పది దాటితే గానీ ఎండ దిగదు. నాలుగయ్యేసరికి మళ్ళీ కొండ వెనక్కి వెళ్ళిపోతుంది. మర్నాడు పొద్దున చలికి ముడుచుకుని చెవులమ్మ కాసేపు కిటికీ దగ్గర, కాసేపు మెట్ల మీద కూర్చుంటే, పనామె పని చేసే తీరు మొత్తం కనిపించింది.

శీతాకాలమంతా మూసిపెట్టిన గదుల్ని ఆమె ఒక్కొక్కటిగా తెరుస్తోంది. తలుపు తోసేముందు అరచేతిని చెక్కకు ఆనించి ఒక్క క్షణం ఆగుతుంది. లోపల ఎవరైనా నడుస్తుంటే చెక్క చెప్తుంది. పరుపులు నిలబెట్టి, బూజు పట్టిన మూలలు సున్నపు నీళ్ళతో కడిగి, ఉన్ని దుప్పట్లు మోసుకొచ్చి వెనక పెరట్లో కట్టిన తాడు మీద పరిచి బెత్తంతో కొడుతుంది. గంటకోసారి చేతిలో పని ఆపి, పై అంతస్తు నుంచి కింది దాకా అన్ని గదులూ చుట్టి వస్తుంది. ఎవరూ పిలవక ముందే అన్నీ చూసుకుంటే ఇక పిలవాల్సిన పనుండదు. అదీ ఆమె లెక్క అని చెవులమ్మకు అర్థమైంది. ఎంత తెలివి, ఎంత శ్రమ అనిపించింది.

గొడవ మధ్యాహ్నం జరిగింది. వార్డెనమ్మ మోకాళ్ళకు కాపడం పెట్టుకోవడానికి వేణ్ణీళ్ళు కావాలని మెట్ల దగ్గర నిలబడింది. పనామె చంకలో దుప్పట్ల మూటతో పైకెక్కుతోంది.

"ఏమ్మా, కాస్త వేణ్ణీళ్ళు పట్టుకురా."

పనామె ఎక్కుతూనే ఉంది.

"నిన్నేనమ్మా! ఏయ్!"

మూడోసారి పిలిచేసరికి ఆమె పై అంతస్తు మలుపు తిరిగిపోయింది. వార్డెనమ్మ మొహం జేవురించింది. "ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఆయా నాకు వీపు చూపించి పోలేదు!" అంటూ నేరుగా భోజనాల గదిలో రంగు కలుపుకుంటున్న యజమాని దగ్గరికి వెళ్ళింది. చెవులమ్మ వెనకాలే పరుగెత్తింది కానీ ఏమని ఆపగలదు?

యజమానికి అసలే సీజను పనులతో తల తిరుగుతోంది. వచ్చిన ఇద్దరు అతిథుల్లో ఒకరికి కోపం వచ్చింది. పనామెను పిలిపించి బల్ల ముందు నిలబెట్టాడు.

"ఆరేళ్ళు ఓర్చుకున్నాను. నాతో మొండికేస్తే పోనీలే అనుకున్నాను. అతిథులతో కూడానా? నువ్వు లేకపోతే ఈ లాడ్జి నడవదనుకుంటున్నావా? ఈ సీజనుకు నిన్ను ఉంచుకోను. వింటున్నావా?"

పనామె తల వంచుకుని నిలబడింది. తల వంచుకుంటే పెదాలు కనిపించవు. పెదాలు కనిపించకపోతే అతనేమంటున్నాడో ఆమెకు తెలియదు. తనను ఉద్యోగంలోంచి తీసేస్తున్న మాట కూడా తెలియకుండా, వేళ్ళకంటిన సున్నం గీరుకుంటూ నిలబడింది.

"చూడండి, తల కూడా ఎత్తదు. ఎంత పొగరో!" అన్నాడతను.

చెవులమ్మ ఇక ఆగలేకపోయింది. "పొగరు కాదండీ," అంది. కొత్తచోట, వియ్యపురాలి ముందు తన గొంతు అంత పైకి లేస్తుందని ఆమెకే తెలియదు. "ఆమెకు వినపడదు. చెవుడు. అందుకే పలకదు. అన్యాయంగా తిట్టకండి ఆమెను."

 మధ్యలోనే తలెత్తిన పనామె చెవులమ్మ పెదాల మీద 'చెవుడు' అన్న మాట చదివేసింది. చెవులమ్మ ఆమె మొహం చూసింది. అక్కడ కృతజ్ఞత ఉంటుందనుకుంది. నలుగురిలో ఒంటిమీది గుడ్డ లాగేస్తే మనిషి ఎలా చూస్తుందో అలా చూసిందామె.

"చెవుడా?" యజమాని చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు. అతని కోపమంతా ఒక్క క్షణంలో దిగిపోయింది. "అయ్యో. ఆరేళ్ళుగా... అయ్యయ్యో. ఎన్ని తిట్లు తిట్టానమ్మా పాపం!" అంటూ పనామె వైపు కాకుండా చెవులమ్మ వైపే తిరిగి మాట్లాడాడు. "ముందే తెలిస్తే ఈ పని పెట్టేవాణ్ణే కాదు. పై అంతస్తులో ఉన్నప్పుడు నిప్పంటుకుని ప్రమాద గంట మోగితే? తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే నేనేం చెప్పను? లేదమ్మా, పాపం, ఇది ఈమె చేయాల్సిన పని కాదు. ఈ వారం కానిచ్చి, ఎక్కడైనా కూర్చుని చేసుకునే పని చూసుకోమనండి. మీరే కాస్త నచ్చజెప్పండి."

తర్వాత పనామె వైపు తిరిగి, చంటిపిల్లకు చెప్పినట్టు చేతులు పెద్దగా ఊపుతూ, 'నువ్వు వెళ్ళు, విశ్రాంతి తీసుకో' అని సైగ చేశాడు.

ఆ సాయంత్రం వార్డెనమ్మ నోరు విప్పలేదు. సూపు తాగింది, గదిలోకెళ్ళి దుప్పటి కప్పుకుంది. వార్డెనమ్మ మాట్లాడకపోవడం చెవులమ్మ ఎన్నడూ చూడలేదు. నలుగురిలో తనను కాదని పనిమనిషిని వెనకేసుకొచ్చినందుకు అలిగిందని అర్థం చేసుకుంది. ఈ కబురు ఇంటికి ఏ రూపంలో చేరుతుందో, కూతురు ఎన్ని మాటలు పడాలో అని దిగులుపడింది.

*

మూడో రోజు పొద్దున లాడ్జి నిశ్శబ్దంగా ఉంది. యజమాని తిట్లు లేవు. పనామెతో ఏ పని పడినా ఆమె భుజం తట్టి, వేలితో చూపించి, జాలిగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు తిట్టుకంటే ఘోరంగా ఉంది.

చెవులమ్మ పెరటి గుమ్మంలోంచి దిగి, లాడ్జి వెనక పారే ఏటి దగ్గరికి వెళ్ళింది. ఒడ్డున ఆకుల్లేని చెట్లకు అప్పుడే కొనల్లో లేత ఎరుపు మొగ్గలు పొడుస్తున్నాయి. రాతి తొట్టిలో ఏటి నీళ్ళు మళ్ళించుకుని, అందులో దుప్పటి వేసి, పనామె మోకాళ్ళ దాకా బట్ట ఎగగట్టి తొక్కుతోంది. మంచు కరిగిన నీళ్ళకు పాదాలు ఎర్రగా కందిపోయాయి. చెవులమ్మ కావాలని చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నన్ను క్షమించండమ్మా."

పనామె తొక్కడం ఆపలేదు. "ఏం పని చేస్తారు మీరు?"

"చెవులు పరీక్ష చేస్తాను."

"అదీ సంగతి." దుప్పటి అటు తిప్పి వేసింది. "నేను ఎవరికీ దొరకలేదు. మీకే దొరికాను."

"మీకు మంచి జరగాలనే..."

"తెలుసు. మంచి చేసేవాళ్ళు చెడ్డవాళ్ళ కంటే తొందరగా మాట్లాడతారు." కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అంది. "కోత మిల్లులో పదకొండేళ్ళు చేశాను. పెద్ద రంపం పక్కనే. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత చంటిపిల్లల మాటలు. తర్వాత ఆడవాళ్ళ మాటలు. మిల్లులో తెలిసిపోయింది. 'లారీ వెనక్కి వస్తే నీకు వినపడదు, ఏమైనా అయితే ఎలా తల్లీ' అన్నారు. చాలా మర్యాదగా పంపారు. శాలువా కప్పి మరీ పంపారు."

ఆమె తొట్టిలోంచి దిగి, దుప్పటి ఒక కొస పట్టుకుంది. చెవులమ్మ అడక్కుండానే రెండో కొస అందుకుంది. ఇద్దరూ చెరోవైపు మెలితిప్పారు. నీళ్ళు ధారగా కారాయి.

"ఇక్కడికొచ్చాక ఒకటే అనుకున్నాను. మొండిదాన్ని తిడతారు, కానీ ఉంచుకుంటారు. చెవిటిదాని మీద జాలిపడతారు, పంపేస్తారు. అందుకని మొండిదాన్నయ్యాను. రెండోసారి అడిగితే మొహం తిప్పుకుని పోయేదాన్ని. ఆ పేరు రావడానికి నాకు ఎంత కాలం పట్టిందో తెలుసా? మీరు ఒక్క మాటతో చెరిపేశారు."

"మా డాక్టరుగారితో మాట్లాడి మీకు చెవికి పెట్టుకునే మంచి మిషను ఇప్పిస్తాను. పరీక్ష నేనే చేస్తాను," అంది చెవులమ్మ. తన దగ్గరున్నది అదొక్కటే.

"మిషను సంగతి తర్వాత. నిన్న నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట అడిగుంటే బాగుండేది."

 పిండిన దుప్పటిని చెవులమ్మ చేతిలోంచి తీసుకుని పనామె తాడు మీద ఆరేసి, ముడతలు సాగదీస్తూ ఆ కొసనుంచి ఈ కొసకు నడిచింది. మళ్ళీ ఇటు చూడలేదు.

*

వసారాలో చివరి ఎండ తగిలేచోట కుర్చీ వేసుకుని వార్డెనమ్మ మోకాళ్ళు రుద్దుకుంటోంది. చెవులమ్మ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. తల వంచుకుని, ఒళ్ళో చేతులు ముడుచుకుని, ఏటి దగ్గర జరిగిందంతా చెప్పింది. చెప్పాల్సినదానికన్నా ఎక్కువే చెప్పింది. తన తొందరపాటు గురించి, ఉద్యోగం గురించి, ఎలాగైనా యజమానితో ఒకసారి మాట్లాడాలి అని.

వార్డెనమ్మ అంతా అయ్యేదాకా ఊరుకుని, "వదినగారూ," అంది. "ఇప్పుడు చెప్పినదంతా తలెత్తి మళ్ళీ చెప్పండి."

చెవులమ్మ ఒళ్ళోని కొంగు సర్దుకుంది. "కోపమొచ్చిందా వదినగారూ?"

"చూశారా, మళ్ళీ కిందికే చూస్తున్నారు. మీరలా ఒళ్ళోకి చూసుకుంటూ గొణిగితే నాకు ఒక్క ముక్క వినపడదు. ఏడాదిన్నరగా వినపడలేదు."

చెవులమ్మ తలెత్తింది. వార్డెనమ్మ చూపు సరిగ్గా ఆమె పెదాల మీద ఉంది.

"ఎడమ చెవి పూర్తిగా లేదు," అంది వార్డెనమ్మ మామూలు గొంతుతో. "హాస్టల్లో పద్దెనిమిది మంది పిల్లలకు ఒకేసారి గవదబిళ్ళలు వచ్చాయి. ఇళ్ళకు పంపే వీల్లేదు. నేనే చేశాను అందరికీ. ఆఖర్న నాకూ వచ్చాయి. పిల్లలకు తగ్గిపోయాయి. నాకు చెవి తీసుకుపోయాయి. కుడిది ఈ మధ్య సగానికి వచ్చింది."

"అంత... ఇన్నేళ్ళు ఎలా..."

"ఎలా ఏముంది? మాట్లాడుతూ ఉంటే చాలు. మాట్లాడేవాళ్ళు వినక్కర్లేదు. సందిస్తే అవతలివాళ్ళు ప్రశ్న వేస్తారు. ప్రశ్న వేస్తే వినాలి. అందుకని సందివ్వను. నలభై ఒకటో ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు ఆపాలన్నా ఆగదు." నవ్వబోయింది కానీ నవ్వు సగంలోనే పోయింది. "నిన్న మీరు 'చెవుడు, అందుకే పలకదు' అనగానే నా గుండె ఆగినంత పనయింది. నన్నే అన్నారనుకున్నాను. తర్వాత ఆమె మొహం చూశాను. ఇక నాకు మాట పెగల్లేదు. నాలాంటి మనిషి మెట్ల మీద వీపు తిప్పుకుని పోతుంటే, ఎందుకు తిరగలేదో నాకు తట్టలేదు చూశారా? నాకే తట్టలేదు! వెళ్ళి చాడీ చెప్పాను."

 ఏడాదిన్నరగా ఈ మనిషి ముందు కూర్చుని, ఒక్కసారి కూడా నేరుగా ఆమె మొహం చూడలేదు చెవులమ్మ. చూసుంటే మొదటి రోజే తెలిసేది.

"నేను... మగపెళ్ళివారి దర్జా అనుకున్నాను వదినగారూ," అంది.

"నేను మీది చదువుకున్న ఉద్యోగస్తురాలి పొగరనుకున్నాను. 'నా మొహం చూసి మాట్లాడటానికి కూడా ఇష్టం లేదు ఈవిడకు' అని మా వాడితో ఎన్నిసార్లు అన్నానో!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. మెట్ల కింద రంగు డబ్బాలు సర్దుతున్న యజమాని తలెత్తి చూసేంత గట్టిగా నవ్వారు. నవ్వి నవ్వి వార్డెనమ్మ కళ్ళు తుడుచుకుంది. చెవులమ్మ ఏటి దగ్గరి సంగతంతా ఈసారి తలెత్తి మళ్ళీ చెప్పింది.

"రేపు పొద్దున ఆ యజమానితో నేను మాట్లాడతాను," అంది వార్డెనమ్మ. "నాలుగు తగిలిస్తాను."

"వద్దు వదినగారూ," అంది చెవులమ్మ, ఈసారి నేరుగా ఆమె మొహంలోకి చూస్తూ. "ముందు ఆమెను అడుగుదాం."

*

నాలుగో రోజు బస్సు పదకొండింటికి. ఎండ ఇంకా లోయలోకి దిగకముందే ఇద్దరూ పెరట్లోకి వెళ్ళి పనామె ఎదురుగా నిలబడ్డారు. వార్డెనమ్మ తన సంగతి తానే చెప్పింది. ఎడమ చెవి మీద వేలేసి చూపించి మరీ చెప్పింది. పనామె నమ్మనట్టు చూసి, కొంచెం పక్కకు జరిగి, వార్డెనమ్మ ఎడమవైపు చేరి చాలా మెల్లగా ఏదో అంది. వార్డెనమ్మ కదల్లేదు. అప్పుడు పనామె మొదటిసారి నవ్వింది. ముందు రెండు పళ్ళ మధ్య సందు కనిపించింది.

"యజమానితో మమ్మల్ని మాట్లాడమంటావా?" అని అడిగింది వార్డెనమ్మ.

పనామె ఆలోచించింది. "మీరు మాట్లాడొద్దు. నేనే మాట్లాడతాను. మీరు నా పక్కన నిలబడండి, చాలు."

భోజనాల గదిలో యజమాని కొత్తగా రంగు వేసిన కుర్చీలు వరసగా పేరుస్తున్నాడు. ముగ్గురు ఆడవాళ్ళు కట్టగట్టుకుని రావడం చూసి నిలబడిపోయాడు. వెంటనే పనామె వైపు తిరిగి, రెండు చేతులూ ఊపి, 'ఏమిటి?' అని సైగ చేశాడు.

"నాకు సైగలొద్దయ్యా," అంది పనామె. గొంతు మామూలు కంటే కాస్త ఎక్కువే లేచింది. "నేను మూగదాన్ని కాదు. పసిదాన్నీ కాదు. ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడండి, నాకు తెలుస్తుంది. ఆరేళ్ళు తెలిసింది కదా."

అతను చేతులు దించి, వాటిని ఏం చేసుకోవాలో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాడు. "అది కాదమ్మా, నీ మంచికే..."

"ఆరేళ్ళలో నా వల్ల ఏ గది పని ఆగింది?"

"ఆగలేదు."

"పోయిన సీజనులో పై అంతస్తులో పొగగొట్టం పూడుకుపోయి గదంతా పొగ కమ్మితే ఎవరు చూశారు?"

"నువ్వే చూశావు."

"గంట విని చూశానా?"

 గంటకోసారి ఆమె అన్ని గదులూ ఎందుకు చుట్టి వస్తుందో అతనికి ఇప్పుడే తట్టినట్టుంది. కుర్చీ మీది రంగు ఆరలేదన్న సంగతి మరిచి గట్టిగా పట్టుకున్నాడు. అరచేయి ఆకుపచ్చగా అయింది.

"సరే, నాకు తెలుసు నువ్వు చూస్తావని. తనిఖీకి వచ్చినవాళ్ళకు ఎలా తెలుస్తుంది? వాళ్ళు కాగితం మీద రాసుకుంటారు."

పక్కన నిలబడితే చాలన్నా, వార్డెనమ్మ అంతదాకానే ఓర్చుకోగలిగింది. "బాబూ," అంది. "నాకూ వినపడదు. ఈ చెవి అసలు లేదు, ఆ చెవి సగం. ఇలాగే నూటఇరవై మంది ఆడపిల్లల హాస్టల్ పందొమ్మిదేళ్ళు నడిపాను. ఒక్క గది తగలబడలేదు, ఒక్క పిల్ల తప్పిపోలేదు. మొన్న ఈమె మీద నీకు చాడీ చెప్పింది ఒక చెవిటిదే. తెలిసిందా?"

ఆ మాట ఆమె నోటినుంచి నలుగురిలో రావడం అదే మొదలని చెవులమ్మకు తెలుసు.  చెవులమ్మ వార్డెనమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

యజమాని ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. చెవులమ్మ పనామెను కళ్ళతోనే అడిగింది. ఆమె తలాడించాక అప్పుడు చెప్పింది: తమ ఆసుపత్రిలో తలుపు గంటతో పాటు ఒక దీపం కూడా వెలుగుతుందని, అంతస్తుకొకటి చొప్పున అలాంటివి గంట తీగకే తగిలించవచ్చని, అదేమంత పెద్ద పని కాదని.

"దీపాలా..." అని అతను పైకప్పు వైపు చూస్తూ మనసులో తీగలు లాగి చూసుకున్నాడు. "చేయొచ్చు. చూస్తాను."

"చూస్తానంటే చాలదు," అంది పనామె. "నేను ఉండాలా, వెళ్ళాలా?"

"ఉండు," అన్నాడతను. "ఉండమ్మా. సీజనంతా ఉండు. ఎవరు పొమ్మన్నారు?" పొమ్మన్నది తానేనని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

అంతటితో మాటలయిపోయాయన్నట్టు అతను అటు తిరిగి కుర్చీ ఎత్తుతూ, "మూడో అంతస్తు దుప్పట్లు ఆరాయా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. అలవాటుగా విసుగ్గా ఏదో అనబోయి, ఆగాడు. కుర్చీ దించాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పనామె ఎదురుగా నిలబడ్డాడు.

"మూడో అంతస్తు దుప్పట్లు ఆరాయా?"

"ఆరలేదు," అంది ఆమె. "ఈ ఎండకు ఇంకో రోజు పడుతుంది."

*

బ్యాగులు బస్సు దాకా పనామే తెచ్చింది. ఆమె వార్డెనమ్మ భుజం మీద చేయి వేసి కాసేపు నిలబడింది. చెవులమ్మతో మాత్రం, "పరీక్షకు వస్తే చెప్తాను, మీరు పిలవొద్దు," అంది. క్షమించినట్టూ కాదు, క్షమించనట్టూ కాదు. చెవులమ్మ చీటీ మీద ఆసుపత్రి చిరునామా రాసి ఇచ్చింది. పనామె దాన్ని చదివి, మడిచి, నడుమున దోపుకుని వెళ్ళిపోయింది.

బస్సు లోయ దాటి మలుపులు దిగుతుంటే ఏరు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు మెరుస్తోంది. వార్డెనమ్మ చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆ ఊరికే కూర్చోవడం ఇప్పుడు చెవులమ్మకు భయంగా లేదు.

"ఇంట్లో చెప్తారా వదినగారూ?" అని ఆమె వైపు పూర్తిగా తిరిగి అడిగింది.

"మా వాడికి చెప్పాలి. మీ అమ్మాయికి చెప్పక్కర్లేదు. దానికి తెలుసు."

"చెప్పారా?"

"లేదు. కాపురానికొచ్చిన రెండో వారమే కనిపెట్టింది. ఏమీ అనలేదు. భోజనాల దగ్గర మా వాణ్ణి లేపి, 'నాకిక్కడ గాలి తగులుతుంది' అని ఆ కుర్చీ మార్పించుకుంది. అప్పట్నుంచి నాకు కుడివైపే కూర్చుంటుంది. గుమ్మంలో ఎవరైనా పిలిస్తే నా ఎదురుగా వచ్చి, 'అత్తయ్యా, ఫలానా వాళ్ళొచ్చారు' అంటుంది. ఫోను మోగితే తెచ్చి చేతిలో పెడుతుంది. ఒక్కసారి గట్టిగా అరవలేదు, ఒక్కసారి జాలిగా చూడలేదు. మొదట్లో ఏదో కలిసొచ్చిందనుకున్నాను. తర్వాత తెలిసింది. ఇప్పటిదాకా ఆ సంగతి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు."

చెవులమ్మ కిటికీ వైపు తిరిగింది. ఏడాదిన్నరలో కూతురు తనతో రోజూ మాట్లాడింది. అత్తగారి నూనెల గురించి, పట్టింపుల గురించి, కబుర్ల గురించి ఎన్నో చెప్పి నవ్వించింది. ఈ ఒక్కటి చెప్పలేదు. చెవుల పనే చేసే కన్నతల్లితో కూడా చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో తాను ఎవరికీ నేర్పనిది, తనకే తెలియనిది, ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుందో ఆమెకు అంతుపట్టలేదు. గర్వంగా ఉంది. సిగ్గుగానూ ఉంది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. కూతురే.

"అమ్మా, బస్సెక్కారా? అత్తయ్య ఎలా ఉన్నారు? ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకున్నారా, లేక నాలుగు రోజులూ నువ్వు తలూపుతూ కూర్చున్నావా?"

చెప్పాలనిపించింది. 'నాకు తెలిసిపోయిందే, నువ్వెంత మంచి పిల్లవే' అని గొంతు దాకా వచ్చింది. పక్కన వార్డెనమ్మ ఆమె పెదాల వైపే చూస్తోంది.

"బాగా మాట్లాడుకున్నాం," అంది చెవులమ్మ. "ఊరు చాలా బాగుంది."